చేతులు కడుగుకొమ్మన్న వైద్యుడు

వియన్నా నగరపు సార్వజనిక వైద్యశాలలో, 1840 తరువాతి సంవత్సరాలలో, రెండు ప్రసూతి విభాగాలు ప్రక్కప్రక్కనే ఉండేవి. ఒక దినం వచ్చిన గర్భిణులను మొదటి విభాగంలోను, మరునాడు వచ్చినవారిని రెండవ విభాగంలోను చేర్చుకొనేవారు. వచ్చేవారిలో చాలమంది నిరుపేదలు. అక్కడ వైద్యం ఉచితం. అందుకు ప్రతిగా విద్యార్థులు వారిని పరీక్షించి పురుడు పోయడం నేర్చుకొనేవారు. అయితే ఆనాటి వంతు మొదటి విభాగానిదని తెలిసినంతనే ఆ స్త్రీలు మోకరిల్లి, చేతులు జోడించి, తమను రెండవ విభాగానికి పంపవలసినదని కన్నీళ్ళతో వేడుకొనేవారు. దారిలోనే ప్రసవించి, తరువాత బిడ్డతో లోపలికి వచ్చినవారు అరుదుగా జ్వరపడేవారు. మొదటి విభాగపు మంచం మీద, వైద్యుల కనుసన్నలలో ప్రసవించినవారు మాత్రం పదుల సంఖ్యలో రాలిపోయేవారు.

ఈ భయం వట్టి పుకారు కాదు. వైద్యశాల పట్టికలలోనే దానికి ఆధారం ఉన్నది. 1846లో మొదటి విభాగంలో 4,010 ప్రసవాలు జరుగగా 459 మంది తల్లులు మరణించినారు; అనగా నూటికి 11 మందికి పైగా. అదే సంవత్సరం రెండవ విభాగంలో 3,754 ప్రసవాలకు మరణాలు 105. నూటికి ముగ్గురు కూడ కారు. రెండింటికీ ఆవరణ ఒకటే, గాలి ఒకటే, వచ్చే స్త్రీల స్థితిగతులూ ఒకటే. ఈ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి భాగించి చూడడానికి పాఠశాల విద్యార్థికి తెలిసిన గణితం చాలును. ఆ పట్టికలను వియన్నాలోని పెద్ద వైద్యులందరూ ఎరుగుదురు. కాని ఈ భేదానికి కారణమేమని నిద్రాహారాలు మాని వెదకినవాడు ఒక్కడే. ఆయన 28 ఏండ్ల సహాయ వైద్యుడు, ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

సెమ్మెల్‌వైస్ 1818 జూలై 1వ తేదీన హంగరీ దేశంలోని బూడా నగరంలో, టాబాన్ అనే పేటలో జన్మించినాడు. తండ్రి పచారీ సరుకుల టోకు వర్తకుడు. పదిమంది సంతానంలో ఇగ్నాజ్ ఐదవవాడు. న్యాయశాస్త్రం చదువుదామని 1837లో వియన్నా చేరి, మరుసటి యేడే మనసు మార్చుకొని వైద్యవిద్యలో ప్రవేశించినాడు. 1844లో పట్టం పొందినాడు. ఆనాటి వియన్నా వైద్య విద్యాలయం యూరపు ఖండానికే తలమానికం. మరణించినవారి శరీరాలను కోసి పరిశీలించి వ్యాధుల జాడలు తెలిసికొనే శాస్త్రాన్ని అక్కడ రోకిటాన్‌స్కీ అనే ఆచార్యుడు పెంపొందించుచుండెను. సాధ్యమైన కారణాలన్నిటిని వరుసగా నిలబెట్టి, నిలువలేనివాటిని ఒక్కొక్కటిగా త్రోసివేసే పద్ధతిని స్కోడా అనే ఆచార్యుడు బోధించేవాడు. ఈ ఇద్దరి శిక్షణ సెమ్మెల్‌వైస్‌కు లభించినది. 1846 జూలైలో ఆయన ప్రొఫెసరు క్లైన్ వద్ద, ఆ మొదటి ప్రసూతి విభాగంలోనే, సహాయకుడుగా నియమితుడైనాడు.

అక్కడ తల్లులను బలిగొంటున్న వ్యాధి పేరు సూతికాజ్వరం. పురుడు వచ్చిన రెండు మూడు దినాలలో చలి, వణుకు పుట్టి, నాడి వడివడిగా కొట్టుకొని, కడుపు ఉబ్బి, ముట్టుకొంటే ఓర్వరాని నొప్పి కలిగేది. కొద్ది దినాలలోనే ప్రాణం పోయేది. పలుమార్లు తల్లితోపాటు శిశువు కూడ పోయేది. ఇందుకు ఆనాటి పండితులు చెప్పిన కారణాలు అనేకం. ఆకాశంలోను భూమిలోను పుట్టే ఏదో దుష్ప్రభావమని కొందరు, దుర్వాయువులని కొందరు, జనసమ్మర్దమని కొందరు, స్త్రీల భయమే కారణమని మరికొందరు చెప్పేవారు.

సెమ్మెల్‌వైస్ తన గురువు నేర్పిన పద్ధతినే పట్టినాడు. ఆకాశపు దోషమే అయితే అది ఒక గోడను దాటి రెండవ విభాగానికి ఎందుకు పోదు? నగరంలో ఇండ్లలో ప్రసవించేవారిని ఎందుకు పట్టదు? జనసమ్మర్దం కారణమైతే, మొదటి విభాగానికి భయపడి అందరూ రెండవ దానికే ఎగబడుతున్నందున అక్కడే ఒత్తిడి ఎక్కువ. చావులు మాత్రం తక్కువ. మరణశయ్య మీద ఉన్నవారికి అంత్యక్రియ జరుపుటకు మతగురువు గంట మ్రోగించుకొంటూ మొదటి విభాగపు గదులన్నిటి గుండా పోయేవాడు. ఆ గంట విని స్త్రీలు బెదరి జ్వరపడుతున్నారేమోనన్న సందేహం కలిగినది. గంట మాన్పించి, చుట్టుదారిని రప్పించినారు. మరణాలు తగ్గలేదు. రెండవ విభాగంలో స్త్రీలను ప్రక్కకు తిప్పి పురుడు పోసేవారు; మొదటి దానిలోను అట్లే చేయించినాడు. ఫలితం శూన్యం.

మిగిలిన భేదం ఒక్కటే. మొదటి విభాగంలో పురుడు పోసేది వైద్యవిద్యార్థులు; రెండవ దానిలో మంత్రసాని విద్య నేర్చుకొనే స్త్రీలు. 1840 ప్రాంతంలో ఈ విభజన జరిగినది మొదలే మరణాలలో ఇంతటి భేదం ఏర్పడినది. కాని చదువులో అధికులైన వైద్యవిద్యార్థుల చేతిలోనే చావులు ఎందుకు ఎక్కువ? ఈ చిక్కుముడి విడలేదు.

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ మిత్రులతో కలిసి వెనిస్ నగరానికి వెళ్ళి వచ్చినాడు. తిరిగి రాగానే పిడుగువంటి వార్త వినవలసివచ్చినది. ఆయన ఎంతగానో గౌరవించే ప్రొఫెసరు కొలెచ్కా మరణించినాడు. న్యాయవైద్యశాస్త్రం బోధించే ఆ ఆచార్యుడు శవపరీక్ష చేయిస్తూ ఉండగా ఒక విద్యార్థి చేతి కత్తి పొరపాటున ఆయన వ్రేలికి గ్రుచ్చుకొన్నది. ఆ చిన్న గాయం విషమించి ఆయనను పొట్టన పెట్టుకొన్నది. సెమ్మెల్‌వైస్ దుఃఖాన్ని దిగమ్రింగి, మిత్రుని శవపరీక్షా వివరాలను చదివినాడు. ఊపిరితిత్తుల పొరలలోను, గుండె పొరలోను, కడుపులోను, మెదడు పొరలలోను కనిపించిన వికారాలు తాను వందలాది బాలింతల శరీరాలలో చూచినవే! అయితే కొలెచ్కా బాలింత కాడు, స్త్రీ కాడు. ఇద్దరినీ చంపినది ఒకే వ్యాధి అయితే, దాని మూలమూ ఒకటే కావలెను. కొలెచ్కా విషయంలో శవంలోని కుళ్ళు పదార్థాన్ని రక్తంలోనికి చేర్చినది కత్తి. బాలింతల విషయంలో చేర్చినది ఏది?

జవాబు ఆయన కన్నుల ఎదుటనే, ఇంకా చెప్పవలెనన్న ఆయన మణికట్టుల చివరనే ఉన్నది. వైద్యులును విద్యార్థులును ఉదయం శవపరీక్షలు చేసి, సబ్బుతో చేతులు కడుగుకొని, అక్కడినుండి ప్రసూతి గదులకు వచ్చి గర్భిణులను పరీక్షించేవారు. సబ్బుతో ఎంత కడిగినా శవపు వాసన చేతులను వీడేది కాదు. మంత్రసాని విద్యార్థినులు శవాలను తాకేవారు కారు. చిక్కుముడి విడిపోయినది. పూర్వం బోయెర్ అనే ఆచార్యుడు ఆ వైద్యశాలను నడిపిన కాలంలో, అనగా 1822కు ముందు, బోధనకు శవాలను వాడనీయలేదు. ఆ కాలంలో మరణాలు నూటికి ఒకటికి కొద్దిగా మించినవి, అంతే. శవపరీక్షల విద్య వృద్ధి అయినకొద్దీ బాలింతల మరణాలూ వృద్ధి అయినవి. విద్య చెడ్డది కాదు. ఆ విద్యను చేసిన చేతులు శుభ్రపడకుండ మరొక చోటికి పోవడమే చెడ్డది.

వాసనను పోగొట్టగలిగినది విషపదార్థాన్ని కూడ పోగొట్టగలదని సెమ్మెల్‌వైస్ ఊహించినాడు. 1847 మే మధ్యలో మొదటి విభాగంలో ఒక కట్టడి చేసినాడు. లోపలికి వచ్చే ప్రతివాడును క్లోరిన్ కలిసిన ద్రావకంలో చేతులు కడుగుకొనవలెను. తరువాత ఖర్చు తగ్గుటకై విరంజన చూర్ణం, అనగా బ్లీచింగ్ పౌడరు, నీటిలో కలిపి వాడించినాడు. ఏప్రిల్ నెలలో మరణాలు నూటికి 18; జూలై నెలలో నూటికి ఒకటి. 1848లో మొదటి విభాగంలో 3,556 ప్రసవాలకు 45 మరణాలు. రెండవ దానిలో 3,219కి 43. ఇన్నేండ్లుగా ఉన్న అంతరం మాయమైనది. ఆ సంవత్సరం మార్చిలోను, ఆగస్టులోను మొదటి విభాగంలో ఒక్క బాలింత కూడ మరణించలేదు.

నడుమ ఒక విషాదం జరిగి ఆయనకు మరొక పాఠం నేర్పినది. 1847 అక్టోబరులో గర్భాశయపు పుట్టకురుపుతో, అనగా క్యాన్సరుతో, రసి కారుతున్న ఒక గర్భిణి మొదటి మంచం మీద ఉన్నది. వైద్యులు ప్రతిదినం ఆమెను ముందు పరీక్షించి, సబ్బుతో మాత్రమే చేతులు కడిగి, తక్కిన మంచాల వద్దకు పోయేవారు. ఆ సమయంలో ప్రసవించిన 12 మందిలో 11 మంది మరణించినారు. విషం శవాలలోనే ఉండదని, జీవించి ఉన్న రోగి పుండునుండి కూడ వైద్యుని చేతి మీదుగా మరొక రోగికి పోగలదని అప్పుడు తెలిసినది. నాటినుండి వైద్యశాలలోనికి వచ్చేటప్పుడే గాక, ఒక్కొక్క రోగిని ముట్టుకొన్న తరువాత కూడ చేతులు ద్రావకంలో కడుగవలెనని శాసించినాడు.

ఈ ఆవిష్కారం ఆయనకు ఆనందాన్ని ఇవ్వలేదు. వ్యాధిని తెలిసికొనవలెనన్న పట్టుదలతో ప్రతి ఉదయం తప్పక శవపరీక్షలు చేసినవాడు తానే. ఇతరుల కంటె శ్రద్ధగా రోగులను పరీక్షించినవాడూ తానే. కనుక తన చేతులే ఎందరిని అకాలంగా సమాధికి చేర్చినవో భగవంతునికే తెలియునని ఆయన తరువాత తన గ్రంథంలో నిస్సంకోచంగా ఒప్పుకొన్నాడు. లోకంలో ఇతరుల తప్పు కనిపెట్టినవారు కోకొల్లలు; తన తప్పును తానే లెక్కగట్టి ప్రకటించినవారు అరుదు.

పెద్దలు ఒప్పుకొనలేకపోయినది ఇదే. ఉపకారం చేయవచ్చిన చెయ్యే ప్రాణం తీస్తున్నదనుట ఏ వైద్యునికి రుచించును? హెబ్రా, స్కోడా, రోకిటాన్‌స్కీలు ఆయన పక్షాన నిలిచినారు. క్లైన్ మాత్రం ఎదురు తిరిగినాడు. 1848లో ఆస్ట్రియాలో విప్లవం చెలరేగి, విద్యాలయంలో పాత తరానికి, క్రొత్త తరానికి వైరం ముదిరినది. 1849 మార్చిలో సెమ్మెల్‌వైస్ పదవీకాలం ముగియగా పొడిగించలేదు. 1850లో బోధించుటకు అనుమతి ఇచ్చినారు గాని, బొమ్మల మీద మాత్రమే చూపవలెనని నిర్బంధించినారు. అభిమానధనుడైన సెమ్మెల్‌వైస్ కొద్దిదినాలలోనే, మిత్రులకైనా చెప్పకుండ, వియన్నా విడిచి పెస్ట్ నగరానికి వెళ్ళిపోయినాడు. ఇందులో ఆయన దోషమూ లేకపోలేదు. సకాలంలో తన పరిశోధనను తానే వ్రాసి ప్రకటించక, మిత్రుల వ్రాతలకు విడిచిపెట్టినాడు. అందువలన దూరదేశాలవారికి ఆయన వాదం సగం సగమే అందినది.

1851లో పెస్ట్‌లోని సెయింట్ రోకస్ వైద్యశాలలో జీతం లేని పదవి స్వీకరించినాడు. అక్కడను అదే పద్ధతి అమలుపరచినాడు. 1855 వరకు 933 ప్రసవాలలో సూతికాజ్వరం వలన మరణించినవారు ఎనిమిదిమంది మాత్రమే. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1857లో మరియా వైడెన్‌హోఫర్‌ను వివాహమాడినాడు. చివరకు 1861లో సూతికాజ్వరపు కారణాన్ని, నివారణను గూర్చిన తన మహాగ్రంథాన్ని జర్మను భాషలో వెలువరించినాడు. పండితలోకం దానిని ఆదరించలేదు. బెర్లినులోని విర్కో వంటి దిగ్దంతుడే ఆయన వాదాన్ని అంగీకరించలేదు.

అంగీకరించినవారిలో ఒకని కథ హృదయవిదారకం. కీల్ నగరపు ప్రసూతి ఆచార్యుడు మికేలిస్ వియన్నా వార్త వినగానే, తాను పురుడు పోయగా మరణించిన తన దాయాది సోదరిని తలచుకొన్నాడు. ఆమె చావుకు కారణం తన చేతులే అన్న ఎరుక ఆయనను దహించివేసినది. 1848లో ఆ వేదనతోనే ప్రాణత్యాగం చేసినాడు. ఒక సత్యాన్ని ఒకడు నమ్మలేక త్రోసిపుచ్చినాడు. మరొకడు నమ్మి భరించలేకపోయినాడు. ఇట్టి సత్యాన్ని చెప్పేవాడు ఎంత ఓర్పుతో చెప్పవలెనో! సెమ్మెల్‌వైస్‌కు ఆ ఓర్పు నశించినది. ఒక్కొక్క దినం ఆలస్యమైనకొద్దీ ఎందరు తల్లులు పోతున్నారో ఆయనకు లెక్క తెలియును. అందువలన విరోధులైన ఆచార్యులకు బహిరంగ లేఖలు వ్రాసి, వారిని హంతకులని నిందించినాడు. ఆ నిందలో న్యాయం ఉన్నది. కాని అది విన్నవారు చేతులు కడుగుకొనలేదు, చెవులు మూసికొన్నారు.

1865 నాటికి ఆయన మతి చలించిన లక్షణాలు కనిపించినవి. ఆ జూలై చివర, ఏదో సాకు చెప్పి, ఆయనను వియన్నాలోని పిచ్చాసుపత్రికి తీసికొనిపోయినారు. నిజం తెలిసి బయటపడజూచిన ఆయనను కావలివారు బలంగా కొట్టి బంధించినారు. రెండు వారాలకు, ఆగస్టు 13వ తేదీన, 47 ఏండ్ల వయస్సున మరణించినాడు. కుడిచేతికి అయిన గాయం కుళ్ళి, ఆ విషం రక్తంలో ప్రాకినదని శవపరీక్షలో తేలినది. కొలెచ్కాను, వేలాది బాలింతలను తీసికొనిపోయిన మృత్యువే, చేతి మీది గాయపు దారినే వచ్చి, దాని జాడ కనిపెట్టినవానిని కూడ తీసికొనిపోయినది.

ఆయన మరణానికి ఒక్క దినం ముందు, ఆగస్టు 12న, స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు బండిచక్రం క్రింద పడి కాలు విరిగిన ఒక బాలుని పుండుకు కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టినాడు. ఆ పుండు చీము పట్టక మానినది. సెమ్మెల్‌వైస్ పేరు కూడ ఆనాడు లిస్టర్ ఎరుగడు. 1879లో లూయీ పాస్టరు పారిస్ వైద్య పరిషత్తులో సూతికాజ్వరాన్ని గూర్చి చర్చ జరుగుచుండగా, నల్లబల్ల మీద గొలుసువలె పేర్చిన చిన్న చుక్కలను గీసి చూపినాడు. అవే నేడు స్ట్రెప్టోకాకస్ అని పిలిచే సూక్ష్మజీవులు. సెమ్మెల్‌వైస్ కుళ్ళు పదార్థమని పిలిచినదానికి అసలు రూపం అప్పుడు తెలిసినది.

వైద్యుల చేతుల మీద ఉండి వైద్యులకు హాని చేయనిది బాలింతలను ఎందుకు చంపినది? జవాబు బాలింత స్థితిలోనే ఉన్నది. మాయ విడిపోయిన చోట గర్భాశయంలో పచ్చి పుండు ఉంటుంది. రక్తం పోయి, శరీరం అలసి ఉంటుంది. సూక్ష్మజీవికి వాకిలి తెరిచి ఉన్నది. కావలివాడు సొమ్మసిల్లి ఉన్నాడు. ఆరోగ్యవంతుని చర్మం మీద కోటగోడ వెలుపలి శత్రువువలె పడి ఉండేది, గోడ బీటవారిన చోట అదను చూచి లోపలికి దూరుతుంది.

నేటి వైద్యశాలలో ఇట్టి బలహీనులు అనేకులు ఉన్నారు. క్యాన్సరు మందుల వలన తెల్ల రక్తకణాలు తగ్గినవారు, పరుల మూత్రపిండాన్ని శరీరం త్రోసివేయకుండ నిరోధకశక్తిని అణచే మందులు తినేవారు, నెలలు నిండక పుట్టిన శిశువులు, ఒళ్ళు కాలినవారు, నరంలోనికి గొట్టం అమర్చినవారు - వీరందరూ ఆనాటి బాలింతల వంటివారే. కుళాయి తొట్టెలలో పెరిగే సూడోమోనాస్, మన ప్రేగులలోనే నివసించే క్లెబ్సియెల్లా, చర్మం మీద ఊరకుండే స్టెఫిలోకాకస్ జాతులు ఆరోగ్యవంతులను సాధారణంగా బాధింపవు. వీరి విషయంలో ప్రాణాంతకాలు అవుతవి. వీటిలో అనేకం మందులకు లొంగకుండ పోతున్నవి. తీవ్రచికిత్సకై చేరిన రోగులలో, సంపన్న దేశాలలో నూటికి ఏడుగురు, తక్కిన దేశాలలో నూటికి పదిహేనుగురు, వైద్యశాలలోనే క్రొత్త అంటును తగిలించుకొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపినది. చేతులను శుభ్రపరచుకొనుట వంటి జాగ్రత్తలను సక్రమంగా పాటిస్తే వీటిలో చాల భాగాన్ని నివారింపవచ్చునని కూడ అది చెప్పినది. క్రొత్త ఔషధాలు ఎన్ని వచ్చినా, రోగిని ముట్టుకొనకముందు, ముట్టుకొన్న తరువాత చేతులు కడుగవలెనన్న 1847 నాటి కట్టడి మారలేదు.

మరణానంతరం సెమ్మెల్‌వైస్‌కు కీర్తి దక్కినది. 1964లో ఆయన అస్థికలను టాబాన్ పేటలో ఆయన పుట్టిన ఇంటికే చేర్చినారు. ఆ ఇంటిలోనే వైద్యచరిత్ర ప్రదర్శనశాల వెలసినది. 1969లో బుడాపెస్టు వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టినారు.

కాని ఆయన కథలో మరవరానివారు మరికొందరు ఉన్నారు. వియన్నా వైద్యశాల వాకిట మోకరిల్లిన ఆ పేద స్త్రీలకు శవపరీక్షలు తెలియవు, నూటికి ఇంత అని లెక్కకట్టడం తెలియదు. అయినను ఏ గదిలో మృత్యువు ఉన్నదో పండితులకంటె ముందు తెలిసికొన్నది వారే. వారి ఏడ్పును అజ్ఞానుల భయమని కొట్టివేయడం సులభం. ఇతరులు అట్లే చేసినారు. సెమ్మెల్‌వైస్ ఆ ఏడ్పును విని, అందులో ఒక ప్రశ్న ఉన్నదని గ్రహించి, దానికి జవాబు వెదకుచు వెళ్ళి, చివరకు తన చేతులనే చూచుకొన్నాడు.